కొబ్బరి తోటల నుంచి కొబ్బరి దీవికి: అమ్మతో కో సముయి, మా సాయంత్రాలు

థాయ్‌లాండ్ వెళ్తున్నాం, అమ్మ కూడా వస్తోంది అనగానే చుట్టాలందరూ అడిగింది ఒకటే, సాయంత్రం ఆరు దాటాక పెద్దావిడ్ని పెట్టుకుని అక్కడ ఏం చేస్తారే అని. వాళ్ళ మనసులో ఉన్నవి పట్టాయా వీడియోలు. నిజం చెప్పాలంటే నాకూ లోపల కొంచెం భయంగానే ఉంది. ఇప్పుడు తిరిగొచ్చి మూడు వారాలైంది, అమ్మ ఇంకా ఆ సాయంత్రాల గురించే ఫోన్లో చెప్తోంది, అందుకే అమ్మనో అత్తగారినో తీసుకెళ్దామనుకుని ఇదే భయంతో ఆగిపోయినవాళ్ళకి పనికొస్తుందని మొత్తం రాస్తున్నా, కాస్త పెద్దదే అవుతుంది.

మేం నలుగురం. నేను, మా ఆయన, ఏడో తరగతి చదివే మా పాప, అమ్మ. అమ్మకి 64, అమలాపురం దగ్గర ఊరు, పుట్టింది మెట్టింది అంతా కొబ్బరి తోటల్లోనే. నాన్నని కూడా రమ్మంటే కొబ్బరికాయల దింపు టైమ్‌లో తోట వదిలి ఎలా వస్తానే, మీరెళ్ళి రండి అన్నారు. సంక్రాంతి వదిలి అమ్మ ఎక్కడికీ రాదు కాబట్టి ఫిబ్రవరి పెట్టుకున్నాం, అది మంచిదే అయింది. మేం వెళ్ళిన కో సముయి దీవికి వానాకాలం ఫుకెట్‌లాగా కాదు, ఇది థాయ్ గల్ఫ్ వైపు ఉంటుంది కదా, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ముఖ్యంగా నవంబరులో, గట్టిగా కురుస్తుంది. మన కోస్తాలో తుఫాన్ల సీజనే అక్కడా అనుకోండి. జనవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా హాయిగా ఉంటుంది.

మేం వెళ్ళినప్పుడు మన పాస్‌పోర్టుకి వీసా అక్కర్లేదు, కానీ ఈ రూల్స్ మారుతుంటాయి, టికెట్ బుక్ చేసే ముందు చూసుకోండి. ఒక్కటి మాత్రం తప్పనిసరి, డిజిటల్ అరైవల్ కార్డ్, 2025 మే నుంచి పెట్టారు, దిగడానికి మూడు రోజుల ముందు నుంచి ఆన్‌లైన్‌లో నింపొచ్చు, పూర్తిగా ఫ్రీ. డబ్బులు అడిగే సైట్లు చాలా కనపడతాయి, వాటిలో మాత్రం నింపొద్దు.

హైదరాబాద్ నుంచి బ్యాంకాక్, అక్కడి నుంచి సూరత్ థానీకి ఇంకో ఫ్లైట్, తర్వాత బస్సులో డోన్‌సాక్ రేవు, అక్కడ ఫెర్రీ ఎక్కితే గంటన్నరలో దీవి. సముయికి నేరుగా విమానం ఉంది, బ్యాంకాక్ ఎయిర్‌వేస్ వాళ్ళు 1989లో సొంతంగా కట్టుకున్న ఎయిర్‌పోర్టు అది, తాటాకు పందిళ్ళలాంటి కప్పులతో చాలా ముచ్చటగా ఉంటుంది, కానీ టికెట్ రేటు ఎక్కువ. అందుకని వెళ్ళేటప్పుడు ఫెర్రీ, వచ్చేటప్పుడు ఫ్లైట్ అనుకున్నాం. సూరత్ థానీ అనగానే అమ్మ, సూరత్ గుజరాత్‌లో కదే ఉంది అంది. చూస్తే నిజంగానే మన సూరత్ పేరే! 1915లో వాళ్ళ రాజు ఆరో రాముడు, అంటే వజ్రావుధుడు, ఆ ఊరికి ఈ పేరు పెట్టి, పక్కన పారే నదికి కూడా మన తపతి పేరు మీద తాపీ అని పెట్టాడట. బస్సులో ఇది చదివి వినిపిస్తే అమ్మ కిటికీలోంచి ఆ నది కోసం వెతుక్కుంటూ కూర్చుంది.

మొదటి రాత్రి సంగతి ముందే చెప్పేస్తా, ఎందుకంటే మనవాళ్ళు ఎక్కువ ఇబ్బంది పడేది ఇక్కడే. చీకటి పడ్డాక బోఫుట్‌లో రూముకి చేరాం, అందరికీ ఆకలి, పక్కనే ఉన్న చిన్న హోటల్లో వెజ్ ఫ్రైడ్ రైస్ అని నాలుగు సార్లు చెప్పి మరీ తెప్పించాం. అమ్మ ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని ఆపేసింది. ఏమీ అనలేదు, ప్లేటు పక్కకి జరిపి నీళ్ళు తాగింది. చికెన్ లేదు, గుడ్డు లేదు, కానీ చేపల సాస్ వేశారు, వాళ్ళకది మన ఉప్పులాంటిది, అది వేస్తే మాంసం వేసినట్టు అని వాళ్ళకి తట్టదు. ఆ రాత్రి అమ్మ రెండు అరటిపళ్ళు తిని పడుకుంది. నాకు నిద్ర పట్టలేదు, ఏడుపొచ్చింది, ఇంత దూరం తీసుకొచ్చి పస్తు పడుకోబెట్టానే అని.

పొద్దున్నే రిసెప్షన్లో అమ్మాయిని కూర్చోబెట్టి అడిగి రెండు మాటలు నేర్చుకున్నా. ఒకటి "జే". కిన్ జే అంటే మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ లేకుండా, ఆఖరికి ఉల్లి వెల్లుల్లి కూడా లేకుండా వండే తిండి. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలు ఉన్న బండ్లు, షాపులు అవే. అచ్చం మన కార్తీకమాసం వంట అన్నమాట, అమ్మకి ఇది విన్నాక ప్రాణం లేచొచ్చింది. రెండోది "మై సై నామ్ ప్లా", చేప సాస్ వెయ్యొద్దు అని. శాకాహారానికి వాళ్ళ ఇంకో మాట "మంగ్సవిరత్", దాన్ని విడదీసి చూడండి, మాంస విరతి! ఆ రోజు నుంచి అమ్మే ముందు వెళ్ళి "జే, జే" అని అడిగేది. మళ్ళీ ఒక్క పూట కూడా ఇబ్బంది పడలేదు.

దీవి పెద్దదే, ఫుకెట్ తర్వాత థాయ్‌లాండ్‌లో రెండోది, కానీ చుట్టూ తిరిగే రింగ్ రోడ్డు 51 కిలోమీటర్లే. స్కూటీలు అందరూ తీసుకుంటారు, అమ్మ ఉంది కాబట్టి మేం రోజంతటికీ డ్రైవరుతో కారు మాట్లాడుకున్నాం, నలుగురికి అదే కలిసొచ్చింది. సాంగ్‌థ్యూ అని పికప్ బండ్లు ఉంటాయి, మన షేర్ ఆటోల్లాంటివి, పగలు మనిషికి యాభై నుంచి వంద బాట్ తీసుకున్నారు. చీకటి పడితే అదే బండి టాక్సీ అయిపోతుంది, రేటు ముందే మాట్లాడుకుని ఎక్కండి.

కారు ఎక్కిన దగ్గర్నుంచి అమ్మ చూపంతా చెట్ల మీదే. టూరిస్టులు రాక ముందు ఈ దీవికి బతుకుతెరువు కొబ్బరే, ఇప్పటికీ రిసార్టుల వెనకాల ఎటు చూసినా తోటలు. డ్రైవర్ని ఆపమని దిగి ఒక చెట్టు ఆకు పట్టుకుని చూసి, ఇదేదో పురుగు తిన్నట్టుందే, మనకి తెల్లదోమ వచ్చినట్టు వీళ్ళకీ ఏదో ఉంది అంది. డ్రైవర్ని అడిగితే అవును, మువ్వాకు తొలిచే చిన్న పెంకు పురుగు, చాలా తోటలు పాడయ్యాయి అన్నాడు. ఆ సాయంత్రం వీడియో కాల్లో నాన్నకి బీచ్ చూపించకుండా ఆ ఆకు ఫొటోనే చూపించింది.

ఆ రోజు చూసినవాటిలో ముందు లమాయ్ దగ్గర హిన్ తా, హిన్ యాయ్. రెండు బండరాళ్ళు, ఒకటి పురుషాంగంలా, ఇంకోటి స్త్రీ అంగంలా ఉంటాయి, ప్రకృతే అలా చెక్కింది. అమ్మని పాపని తీసుకుని వెళ్ళాలా వద్దా అని చాలా ఆలోచించా. అమ్మ అక్కడ ఆగి చూసి చేతులు జోడించింది. లింగం, పానవట్టం వేరువేరుగా ఉన్నాయే అంతే కదా అంది. అంతసేపు ఇబ్బంది పడింది నేనే. వాటి కథ కూడా పెళ్ళి కథే. ఒక ముసలి దంపతులు కొడుక్కి పిల్లనడగడానికి పడవలో బయల్దేరితే తుఫానొచ్చి పడవ మునిగి చనిపోయారట, మేం నిజంగానే సంబంధం కోసం వస్తున్నాం అని పిల్ల తండ్రికి తెలియడానికి అలా రాళ్ళైపోయారట. తా అంటే అమ్మ తండ్రి, యాయ్ అంటే అమ్మమ్మ. అది తెలిసిన దగ్గర్నుంచి మా పాప అమ్మమ్మని యాయ్ అనే పిలుస్తోంది.

ఆ దారి పక్కనే కలమే అమ్ముతారు. కొబ్బరిపాలు, జిగురు బియ్యప్పిండి, బెల్లం వేసి గంటల తరబడి కలిపి కలిపి నల్లగా చేసిన మిఠాయి, ఎండిన ఆకులో చిన్న పొట్లాల్లా చుట్టి ఇస్తారు. రుచి చూడమని ఒక ముక్క ఇస్తే అమ్మ నమిలి, అడుగంటకుండా ఎంతసేపు తిప్పారో పాపం అంది. కిలో కొనింది.

ఖునారామ్ గుడిలో లువాంగ్ ఫో డేంగ్ అనే భిక్షువు దేహం ఉంది. 1973లో ధ్యానంలో కూర్చుని 79 ఏళ్ళ వయసులో పోయారు, దేహం చెడిపోకపోతే అందరికీ కనపడేలా పెట్టండి, బుద్ధుడి మాట గుర్తొస్తుంది అని ముందే చెప్పారట. అలాగే అద్దాల పెట్టెలో కూర్చుని ఉన్నారు, కళ్ళ చోటు కనపడకుండా నల్ల కళ్ళద్దాలు పెట్టారు. పాప భయపడుతుందేమో అనుకున్నా, కానీ అక్కడి వాళ్ళు దండలు పెట్టి పక్కనే నిశ్శబ్దంగా కూర్చుంటే పాప కూడా వాళ్ళ పక్కన కూర్చుంది. అమ్మ చాలాసేపు లేవలేదు. నా మువాంగ్ జలపాతం కూడా ఆ దార్లోదే, 18 మీటర్ల మొదటిది కారు దిగి నాలుగడుగులు వేస్తే వస్తుంది, ఫిబ్రవరి కాబట్టి నీళ్ళు తక్కువ, పది నిమిషాలు చాలు. ఏనుగు సవారీ ఎక్కుతారా అని వెంటపడ్డారు, వద్దన్నాం. కోతి చేత కొబ్బరికాయలు దింపించే షో కూడా ఒకచోట చూశాం, మెడకి తాడు కట్టి చెట్టెక్కిస్తారు, అది కాయని చకచకా తిప్పి కిందకి పడేస్తుంది. అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మ వెనక్కి తిరిగి కార్లో కూర్చుంది. మన దింపు వాళ్ళు కూలి తీసుకుని ఇంటికెళ్తారు, దీనికేముంది అంది. నాకూ అది నచ్చలేదు, మీరు వెళ్ళకపోయినా పోయేదేం లేదు.

ఆ సాయంత్రమే చవెంగ్ బీచ్‌లో నిప్పులాట. ఇది టికెట్ షో కాదు. చీకటి పడ్డాక బీచ్ మీద చాపలు, దిళ్ళు వేసి చిన్న దీపాలు పెడతారు, ఏదైనా తాగడానికి ఆర్డర్ చేసి కూర్చుంటే చాలు, మేం కొబ్బరి బోండాలు తెప్పించుకున్నాం. కుర్రాళ్ళు గొలుసుల చివర కిరోసిన్‌లో ముంచిన గుడ్డ ఉండలు కట్టి వెలిగించి తిప్పుతారు, చీకట్లో నిప్పు చక్రాలే కనపడతాయి తప్ప మనిషి కనపడడు. ఒకడి భుజాల మీద ఇంకొకడు ఎక్కి తిప్పుతుంటే అమ్మ ఊపిరి బిగపట్టి నా చెయ్యి పట్టుకుంది. మా ఊరి తీర్థంలో కర్రసాము వాళ్ళు రెండు వైపులా కాగడాలు కట్టి తిప్పేవాళ్ళు, ఇప్పుడు ఎవరూ తిప్పట్లేదు, అంది. అయిపోయాక ఒక కుర్రాడు టోపీ పట్టుకుని వస్తే వంద బాట్ వేసి వాడి చేతులు తిప్పి చూసింది, కాలిన మచ్చలు ఉన్నాయేమో అని. ఉన్నాయి. ఒకటి గుర్తుపెట్టుకోండి, గాలి వాలు చూసుకుని కొంచెం వెనకాల కూర్చోండి, ముందు వరసలోకి కిరోసిన్ పొగ వస్తుంది. తొమ్మిదిన్నర దాటాక పాటల మోత పెరుగుతుంది, పెద్దవాళ్ళుంటే అప్పటికి లేచిపోవడం మేలు.

శుక్రవారం పగలు బిగ్ బుద్ధ. 12 మీటర్ల బంగారు రంగు విగ్రహం, 1972లో కట్టారు, చిన్న దీవి మీద ఉంటుంది, రోడ్డు కట్టి కలిపారు. భుజాలు, మోకాళ్ళు కప్పుకునే బట్టలేసుకోండి. భూమిస్పర్శ ముద్రలో ఉంటాడు, మెట్లెక్కితే చుట్టూ గంటలు, వరసగా కొట్టుకుంటూ తిరగాలి. అక్కడికి దగ్గర్లోనే ప్లాయ్ లేమ్ గుడి, చెరువు మధ్యలో పద్దెనిమిది చేతుల గ్వాన్‌యిన్. అమ్మ చూడగానే అష్టాదశ భుజాల దుర్గమ్మ అంది. నిజానికి అవలోకితేశ్వరుడే చైనాకి వెళ్ళి అమ్మవారైపోయాడు, బయల్దేరింది మన దేశం నుంచే. చేపలకి మేత కొని వేస్తూ పాప అక్కడే ఉండిపోయింది, రమ్మంటే రాదు.

ఇక అదే రోజు సాయంత్రం బోఫుట్ ఫిషర్‌మెన్స్ విలేజ్ శుక్రవారం సంత. మొత్తం ట్రిప్‌లో ఒక్క సాయంత్రమే దొరుకుతుందంటే నేను దీన్నే ఎంచుకుంటా. చైనా నుంచి, ముఖ్యంగా హైనాన్ నుంచి వచ్చి స్థిరపడ్డ వాళ్ళు కట్టుకున్న పాత చెక్క అంగళ్ళు, సన్నటి వీధి, ఒక పక్క సముద్రం. ఐదు గంటల నుంచి బండ్లు రాకుండా ఆపేస్తారు, వీధంతా తిండి, బట్టలు, సబ్బులు, పూసలు. రూము అక్కడికి నడిచే దూరంలో తీసుకోవడం మేం చేసిన మంచి పని, అమ్మకి కాళ్ళు నొప్పెడితే వెళ్ళి పడుకోవచ్చు అనుకున్నా, ఆవిడ రాత్రి పదింటి దాకా రానంది. మామిడిపండు ముక్కలు పెట్టి కొబ్బరిపాలు పోసిన జిగురన్నం, కొబ్బరి చిప్పలో ఐస్‌క్రీమ్, అరటిపండు రొట్టి, అన్నీ తినగలిగింది, గుడ్డు వద్దంటే రొట్టి అలాగే వేసిచ్చారు. ఒక పెద్దావిడ బోండాలు కొట్టి అమ్ముతోంది. నీళ్ళు తాగాక లోపల మీగడ తినడానికి ఆవిడ స్పూను ఇచ్చింది. అమ్మ స్పూను పక్కన పెట్టి, ఆ బోండాం డొక్కలోంచే ఒక చెక్క కొట్టివ్వమని సైగ చేసింది, మనం తినేట్టు. ఆవిడకి అర్థమై కత్తి అమ్మ చేతికే ఇచ్చేసింది. అమ్మ ఒక్క దెబ్బకి చెక్క లేపి దాంతోనే మీగడ గీరి ఆవిడకి పెట్టింది. ఇద్దరికీ ఒకళ్ళ మాట ఒకళ్ళకి రాదు, అరగంట మాట్లాడుకున్నారు, మా గంగబొండాం కూడా ఇంతే తియ్యగా ఉంటుంది అని అమ్మ తెలుగులో, ఆవిడ థాయ్‌లో ఏదో. సంగీతం వాయించే గుడ్డి తాత దగ్గర ఇద్దరూ కలిసి నిలబడి విన్నారు కూడా.

శనివారం అంగ్ థాంగ్ మెరైన్ పార్కు, 42 దీవులు. స్పీడ్ బోటులో వెళ్ళి తప్పు చేశాం. టికెట్ అమ్మినవాళ్ళు సముద్రం చెరువులా ఉంటుంది అన్నారు, అలల మీద బోటు ఎగిరెగిరి పడుతుంటే అమ్మకి నడుం పట్టేసింది, పాపకి వాంతులు. పెద్దవాళ్ళతో అయితే టైమెక్కువైనా పెద్ద పడవే ఎక్కండి, మాత్ర అరగంట ముందే వేసుకోండి. మే కో దీవిలో కొండ మధ్యన పచ్చటి ఉప్పునీటి చెరువు ఉంది, దాన్ని చూడ్డానికి మెట్లు నిలువుగా ఉంటాయి, నేనూ మా ఆయనా ఎక్కాం, అమ్మ కింద ఇసకలో కూర్చుంది. ఆ పచ్చరంగు ఫొటోలో రాదు. ఆ సాయంత్రం ఎక్కడికీ వెళ్ళలేదు, అమ్మ నడుముకి థాయ్ మసాజ్, అంతే.

ఆదివారం రాత్రి ముయే థాయ్, అంటే థాయ్ బాక్సింగ్. సాయంత్రాలు పికప్ బండి మీద మైకు పెట్టి "టునైట్, టునైట్" అని ఊరంతా తిప్పుతుంటారు, మన సినిమా ప్రచారం రిక్షాల్లా. మా ఆయనే పట్టుబట్టి, అత్తయ్య గారూ, నచ్చకపోతే మధ్యలో వచ్చేద్దామండీ అని తీసుకెళ్ళాడు. అమ్మకి కొట్లాట నచ్చలేదు. కానీ దానికి ముందు ఉండే వాయ్ ఖ్రూ చూడాలి, ఖ్రూ అంటే గురువు, తలకి మంత్రించిన కట్టు కట్టుకుని, రింగు నాలుగు మూలలా తిరిగి, మోకాళ్ళ మీద కూర్చుని గురువుకి దణ్ణం పెడుతూ నాట్యంలా చేస్తారు. పక్కన సన్నాయిలాంటి వాద్యం, డోళ్ళు, తాళాలు. దెబ్బలు మొదలైతే ఆ వాయిద్యం కూడా జోరందుకుంటుంది. మూడేసి నిమిషాల ఐదు రౌండ్లు ఒక్కో ఆట. పద్నాలుగు పదిహేనేళ్ళ పిల్లలు కూడా దిగారు, వాళ్ళ ఆట వచ్చినప్పుడు అమ్మ లేచి బయటికి వచ్చేసింది, నేనూ వచ్చేశా.

చివరి రాత్రి క్యాబరే. ఇక్కడే నేను ఎక్కువ వెనకాడా. పుట్టుకతో మగవాళ్ళై ఆడవాళ్ళుగా బతికే ట్రాన్స్ మహిళలు చేసే పాటలు, డాన్సులు, ఈకల కిరీటాలు, పట్టు బట్టలు. మేం వెళ్ళిన చోట అసభ్యంగా ఏమీ లేదు, పిల్లలతో వచ్చిన కుటుంబాలు చాలానే ఉన్నాయి, అయినా మీరు వెళ్ళే చోటు గురించి ముందే హోటల్లో అడగండి. అమ్మ మొదటి పాటకే ముందుకి వంగి కూర్చుంది. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామ వేషం కడితే మా అమ్మమ్మ వాళ్ళు ఆయన చీరకట్టు చూసి నేర్చుకునేవాళ్ళు అంది. షో అయ్యాక వాళ్ళు బయట నిలబడి ఫొటోలు దిగుతారు, దానికి డబ్బులివ్వాలి. అమ్మ ఫొటో అడగలేదు, ఒకమ్మాయి చేతులు పట్టుకుని చాలా బాగా చేశావమ్మా అని తెలుగులోనే చెప్పింది. ఆ అమ్మాయి వంగి దణ్ణం పెట్టి "ఖాప్ ఖున్ ఖా, యాయ్" అంది, థాంక్స్ అమ్మమ్మా అని.

రూముకొచ్చాక నాన్నకి ఫోన్ చేస్తే, గంటన్నర తేడా కదా, అప్పుడే అన్నం తిని కూర్చున్నారట. దింపు ఎంతైంది, కాయ ఎలా ఉంది అని అడిగి, ఇక్కడ మార్కెట్లో బోండాం ఎంతకి కొన్నామో అమ్మ లెక్క చెప్పింది.

ఊరెళ్ళాక ఆ కలమే తనే చేసి చూసింది. మొదటిసారి జిగురులా అయి గరిటెకి అంటుకుపోయిందట. రెండోసారి కొబ్బరిపాలు ఎక్కువ పోసి, సన్న సెగ మీద రెండున్నర గంటలు, నాన్న కూడా కాసేపు తిప్పారట. నిన్న కొరియర్లో వచ్చింది, ఎండిన అరిటాకులో చిన్న చిన్న పొట్లాలు కట్టి, పాప పేరు మీద, కింద పంపినవారు అని ఉన్న చోట "యాయ్" అని రాసి.